పేరు కన్నా ముందు వయసు: విశాఖ తీరంలో గల్స్‌తో నా అనుభవం

విశాఖలో పక్షులు చూసేవాళ్లం చాలామందిమి గల్స్ దగ్గరికి వచ్చేసరికి పట్టు వదిలేస్తాం. కంబాలకొండలో ఆకుల చాటు నుంచి వచ్చే కూత విని పిట్ట పేరు చెప్పగలిగేవాళ్లు కూడా, బీచ్ రోడ్డు మీద నిలబడి అలల మీద తెల్లగా తిరిగే గుంపును చూసి "సీగల్స్ ఉన్నాయి" అని ఊరుకుంటారు. అన్నీ తెలుపే, అన్నిటి వీపూ బూడిద రంగే, అన్నిటి ముక్కూ ఎరుపే. కొన్ని చలికాలాలుగా నేను వాటిని చూడటం మీదే ఎక్కువ సమయం పెట్టాను. ఆ గుంపులో ఏది ఏదో తెలుసుకోవడం ఎలా సాగిందో రాస్తున్నాను. మన ఊళ్లో ఇంకొందరు ఈ పనిలోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

మొదలైంది జనవరి నీటిపక్షుల లెక్కింపుతో. ఆసియా దేశాల్లో ఒకే కాలంలో జరిగే ఈ గణన 1987 నుంచి నడుస్తోంది. మేఘాద్రిగెడ్డకో, కొండకర్ల ఆవకో వెళ్లడానికి అందరూ ముందుకొస్తారు. బాతులుంటాయి, కొంగలుంటాయి, చూసిన తృప్తి ఉంటుంది. సముద్రతీరం మాత్రం మిగిలిపోతుంది. మా సీనియర్ ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ఉండేది ఎంవీపీ కాలనీలోనే కదా. హార్బర్, బీచ్ నువ్వు చూసుకో. నీకు ఓపిక ఎక్కువ" అన్నారు. సరే సార్ అన్నాను. లెక్క రాయడానికి కూర్చుంటే తెలిసింది, అందులో గల్స్ అన్నింటికీ కలిపి ఒక అంకె వేస్తే సరిపోదు. జాతి వారీగా రాయాలి. అంటే గుంపులో ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాలి.

మన తీరానికి గల్స్ చలికాలపు అతిథులు. దసరా, దీపావళి దాటాక కనబడటం మొదలై ఏప్రిల్ నాటికి దాదాపు అన్నీ వెళ్లిపోతాయి. మనకు ఎక్కువగా కనిపించేది బ్రౌన్‌హెడెడ్ గల్. లద్దాఖ్‌లోని సో కర్, సో మోరిరి లాంటి సరస్సుల దగ్గర, టిబెట్ పీఠభూమి మీద, 4,000 మీటర్లు దాటిన ఎత్తులో గూళ్లు పెట్టే పక్షి ఇది. చలి ముదిరేసరికి అక్కడి నుంచి దిగి వచ్చి మన ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల మధ్య తిరుగుతుంది. దీనికి 1840లో శాస్త్రీయ నామం పెట్టినవాడు జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త. మన కలివికోడిని ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్ అంటారే, ఆ జెర్డానే. 1986లో కడప జిల్లాలో కలివికోడి మళ్లీ కనబడినప్పటి నుంచి పక్షుల మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లందరికీ ఆ పేరు తెలుసు. రోజూ చూసే ఈ గల్ వెనక కూడా ఆయనే ఉన్నాడని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

బ్రౌన్‌హెడెడ్ గుంపుల్లో కలిసిపోయి తిరిగేది బ్లాక్‌హెడెడ్ గల్. యూరప్ నుంచి రష్యా తూర్పు చివర దాకా పిల్లల్ని పెట్టే జాతి. కొలతల్లో ఇది కాస్త చిన్నది, కానీ రెండూ 40 సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉండేవే. పక్కపక్కన నిలబడితే తప్ప ఆ తేడా కంటికి ఆనదు. పేర్లలో తల రంగు ఉందిగానీ మనం చూసే నెలల్లో ఆ రంగు ఉండదు. చలికాలంలో రెండింటి తలా తెల్లబడి, కంటి వెనక ఒక నల్లటి మచ్చ మిగులుతుంది. రెండింటి ముక్కూ ఎరుపు, చివర నలుపు. రెండింటి కాళ్లూ ఎరుపే.

ఎవరిని అడిగినా మొదట ఇచ్చే సలహా ఒకటే, కన్ను చూడమని. బ్రౌన్‌హెడెడ్‌కి కంటిపాప చుట్టూ లేత పసుపు వలయం ఉంటుంది. బ్లాక్‌హెడెడ్‌కి కన్ను మొత్తం నల్లగా కనబడుతుంది. హార్బర్‌లో ఈ సలహా బాగానే పనిచేసింది. అక్కడ గల్స్ మనుషులకి అలవాటు పడి ఉంటాయి. బోటు తాళ్ల మీద, జెట్టీ అంచున, పడేసిన చేప ముక్కల చుట్టూ వాలతాయి. 8x42 బైనాక్యులర్స్‌తో కంటి రంగు స్పష్టంగా తెలుస్తుంది. చూపు కాస్త కటువుగా ఉన్నది బ్రౌన్‌హెడెడ్, మెత్తగా ఉన్నది బ్లాక్‌హెడెడ్ అని దూరం నుంచే చెప్పగలిగే స్థితికి వచ్చాను.

ఆ తర్వాతే అసలు చిక్కు మొదలైంది. లాసన్స్ బే నుంచి జోడుగుళ్లపాలెం వైపు నడుస్తుంటే ఇసుక మీద కూర్చున్న గుంపులో నల్లకళ్లవి మరీ ఎక్కువగా కనబడ్డాయి. తూర్పు తీరంలో బ్రౌన్‌హెడెడ్ ముందు బ్లాక్‌హెడెడ్ చాలా తక్కువ. అలాంటప్పుడు ఒకే గుంపులో ఇన్ని ఉంటాయా? పైగా ఆ నల్లకళ్ల పక్షుల్లో కొన్నిటి ముక్కు లావుగా, ఒళ్లు బరువుగా ఉంది. ఫొటోలు తీసి సీనియర్ గారికి పంపాను. ఆయన పేరేమీ చెప్పలేదు. ఫోన్ చేసి, "తోక చూశావా అమ్మా?" అని అడిగారు.

"లేదు సార్, కన్నే చూశాను."

"తోక చివర నల్లటి పట్టీ ఉంది చూడు. రెక్క మడిచిన చోట గోధుమ రంగు ఉంది. అంటే పోయిన వేసవిలో పుట్టిన పిల్ల. పిల్లలకి రెండు జాతుల్లోనూ కన్ను నల్లగానే ఉంటుంది. ముందు వయసు తేల్చు, ఆ తర్వాత పేరు."

గల్స్ విషయంలో నాకు అందిన అసలైన తాళంచెవి ఈ మాటే. అడవి పిట్టల్లో మగ, ఆడ తేడా చూస్తే చాలావరకు సరిపోతుంది. గల్స్‌లో మగా ఆడా ఒకేలా ఉంటాయి, మారేది వయసుతో. చిన్న గల్స్ పూర్తి ఈకల్లోకి రావడానికి రెండేళ్లు పడుతుంది, పెద్ద జాతులకి నాలుగేళ్లు. ఈ మధ్యలో ప్రతి చలికాలం పక్షి వేరేలా ఉంటుంది. రెండు జాతులని మనం అనుకునే గుంపులో నిజానికి నాలుగైదు రకాల రూపాలు ఉంటాయి. ఒక జాతి పిల్ల, తన జాతి పెద్దదాని కన్నా పక్క జాతి పిల్లనే ఎక్కువగా పోలి ఉంటుంది. ఇది తెలియకుండా కన్ను, ముక్కు, కాళ్లు అంటూ ఎంత చూసినా చిక్కు విడదు.

కాబట్టి ఇప్పుడు నేను గుంపు ముందు నిలబడగానే మొదట తోకలు, రెక్కలే చూస్తాను. తోక మొత్తం తెల్లగా, రెక్క మొత్తం శుభ్రమైన బూడిద రంగులో ఉంటే ఎదిగిన పక్షి. అప్పుడు కంటి రంగు నమ్మొచ్చు. తోక చివర నల్ల పట్టీ, రెక్క మీద గోధుమ మరకలు, ముక్కు మొదలు ఎరుపు బదులు పాలిపోయిన నారింజ రంగు ఉంటే మొదటి చలికాలపు పక్షి. దాని కన్ను ఏమీ చెప్పదు. అది ఎగిరేదాకా ఆగాలి.

ఎగిరితే మాత్రం రెక్క చివరే అంతా చెప్పేస్తుంది. ఎదిగిన బ్రౌన్‌హెడెడ్‌కి రెక్క కొస వెడల్పుగా నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్లటి మచ్చలు కిటికీల్లా మెరుస్తాయి. వాటిని మిర్రర్స్ అంటారు. పిల్లకి ఆ మచ్చలు ఉండవు, కొస అంతా నలుపే, దానికి లోపలి వైపు మాత్రం తెల్లటి భాగం ఉంటుంది. బ్లాక్‌హెడెడ్‌కి అలా కాదు. రెక్క ముందు అంచు వెంబడి పొడుగ్గా తెల్లటి చార ఉంటుంది, నలుపు వెనక అంచున సన్నగా సాగుతుంది. పిల్లల్లో ఆ తెల్లచార చుట్టూ మరకలుంటాయి గానీ చార మాత్రం పోదు. ఈ ఒక్క గుర్తు రెండు వయసుల్లోనూ పనిచేస్తుంది. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కన్ను కన్నా ముందు ఇదే నేర్పాలి.

కన్ను ఒక్కదాన్నే నమ్మకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. స్లెండర్‌బిల్డ్ గల్ అని మరో జాతి ఉంది. దానికి కన్ను లేతగా ఉంటుంది, రెక్క మీద మాత్రం బ్లాక్‌హెడెడ్ లాంటి తెల్లచార ఉంటుంది. నుదురు ఏటవాలుగా, ముక్కు పొడుగ్గా ఉంటుంది. గుజరాత్ తీరంలో అది బాగా కనబడుతుంది, మన వైపు అరుదు. అరుదైనదని చూడటమే మానేస్తే, అది వచ్చిన రోజున మనకు తెలియకుండానే వెళ్లిపోతుంది.

ఎగిరేదాకా ఆగడం అన్నాను. ఎగరగొట్టడం గురించి కాదు నేను చెప్పేది. పక్షి కూర్చున్నది అలిసిపోయి. ఫొటో కోసం దాని మీదకి పరిగెత్తడం నాకు అస్సలు నచ్చదు, పక్కన ఎవరైనా చేస్తే వద్దని చెప్తాను కూడా. బీచ్‌లో వాకింగ్‌కి వచ్చేవాళ్లుంటారు, కుక్కలుంటాయి, బోట్లు ఒడ్డుకు వస్తుంటాయి. గుంపు తనంతట తనే లేస్తుంది. కెమెరా షట్టర్ స్పీడు 1/2000 దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉంటే, లేచిన ఆ కాసేపట్లోనే రెక్క విప్పిన ఫొటోలు వస్తాయి.

విశాఖలో వెలుతురు సమస్య ఒకటుంది. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కూడా సరిగ్గా ఆ వైపు నుంచే వస్తాడు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో నిలబడి సముద్రం వైపు చూస్తే పక్షులన్నీ నల్లటి నీడలే. పక్షుల్ని పొద్దున్నే చూడాలన్నది అడవికి సరిపోయే మాట. ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటాక, ఎండ కొండల వైపు నుంచి మన వెనకగా పడుతున్నప్పుడు చూడాలి. అప్పుడు కన్ను, ముక్కు, వీపు రంగు అన్నీ తెలుస్తాయి. ఆఫీసు నుంచి కాస్త ముందు బయటపడగలిగిన రోజుల్లో నేను ఆ వేళకే వెళ్తాను.

చోటు విషయానికొస్తే నాకు బాగా ఇష్టమైనది భీమిలి. గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక మేటల మీద గల్స్, వాటికి దగ్గరి బంధువులైన టర్న్స్ కలిసి సేదతీరుతాయి. అన్నీ గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటాయి కాబట్టి ఒకే వైపు నుంచి వరసగా పోల్చుకోవచ్చు. అక్కడ గల్‌బిల్డ్ టర్న్ కూడా కనబడుతుంది. లావైన నల్లముక్కు, కంటి వెనక నల్లమచ్చతో దూరానికి గల్ లాగే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో భీమిలి వెళ్తే ఇంకో అందం. ఎదిగిన పక్షులకి తల రంగు రావడం మొదలవుతుంది. బ్లాక్‌హెడెడ్‌కి వచ్చేది ముదురు చాక్లెట్ రంగు. బ్రౌన్‌హెడెడ్‌కి లేత గోధుమ రంగు వచ్చి, మెడ దగ్గర అంచు మాత్రం నల్లగా తేలుతుంది. సగం తెలుపు, సగం గోధుమ తలలతో వరసగా కూర్చున్నప్పుడు పోల్చి చూడటం నాకు ఎంతో ఇష్టం. జనవరిలో తేలనివి కొన్ని అప్పుడు తేలతాయి.

హార్బర్‌లో ఒక మాట జాగ్రత్త. చుట్టూ పోర్టు, నేవీ ప్రాంతాలు ఉన్నాయి. పొడుగు లెన్స్, స్కోప్ పట్టుకుని తిరిగితే ఎవరైనా అడుగుతారు, అడగడం వాళ్ల బాధ్యత. నేను ముందే సెక్యూరిటీ వాళ్లతో మాట్లాడి, ఏ వైపు తియ్యకూడదో తెలుసుకుని వెళ్తాను. హార్బర్ పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు కెమెరా తిప్పను.

అక్కడే ఒక సాయంత్రం వల బాగు చేసుకుంటున్న పెద్దాయన నన్ను చాలాసేపు గమనించి, "ఏటమ్మా, అందాకట్నుంచి ఆ పిట్టల్నే సూత్తన్నారు?" అని అడిగారు. చెప్పాను, వీటిలో రకాలున్నాయి బాబాయ్, అవి రాసుకుంటున్నానని. ఆయన నవ్వలేదు. "పెద్దయ్యి కూడా ఉంటాయమ్మా. గద్దంత ఉంటాయి. గట్టు మీదకి రావు. బోటెనకాల వత్తాయి. బోట్లు తిరిగొచ్చీ యేలకి సూడండి" అన్నారు. నేను అంతవరకూ ఒడ్డు మీద వాలిన వాటినే చూస్తున్నాను. ఆయన మాట విన్నాక బోట్లు లోపలికి వచ్చే వేళకి నీళ్ల మీదకి చూడటం మొదలుపెట్టాను. ఎన్నో ఏళ్లుగా సముద్రం మీద తిరిగిన మనిషి చూపు అది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, అప్పటికి ఈ పక్షులూ ఉండవు. కాబట్టి డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే చూడాలి.

ఆయన చెప్పిన పెద్దవాటిలో ఒకటి పల్లాస్ గల్. ఎదిగినదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. రెక్కలు చాపితే మీటరున్నర వస్తుంది. ముక్కు పసుపు, చివర ఎరుపు, మధ్యలో నల్ల పట్టీ. కాళ్లు పసుపు. నుదురు ఏటవాలుగా ముక్కులోకి జారుతుంది. చలికాలంలో కంటి చుట్టూ ముసుగు వేసినట్టు నలుపు ఉంటుంది. చలికాలం చివరికొచ్చేసరికి తల మొత్తం నల్లబడుతుంది. పిల్లల్లో తోక పట్టీ వెడల్పుగా, గీత గీసినట్టు ఉంటుంది, వీపు త్వరగా బూడిద రంగులోకి మారుతుంది.

రెండోది ముదురు వీపు గల్. నాకు ఇప్పటికీ పూర్తిగా లొంగనిది ఇదే. లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్ అన్న పేరు కింద మన దేశానికి రెండు ముఖ్య రూపాలు వస్తాయి. ఉత్తర రష్యా టండ్రాలో పిల్లల్ని పెట్టే హ్యూగ్లిన్ గల్ ఒకటి. పశ్చిమ సైబీరియా దక్షిణ భాగం, ఉత్తర కజఖ్‌స్తాన్ నుంచి వచ్చే స్టెప్పీ గల్ మరొకటి. కొందరు వీటిని వేరు జాతులంటారు, కొందరు ఒకే జాతిలో ఉపజాతులంటారు. తేడా ప్రధానంగా వీపు రంగులో ఉంది. హ్యూగ్లిన్‌ది ముదురు బూడిద, స్టెప్పీది దానికన్నా కాస్త లేత. ఆ కాస్త ఎంతన్నదే చిక్కు. బట్టల షాపులో ట్యూబ్‌లైట్ కింద ఒక రంగులో కనబడిన చీర బయట ఎండలోకి రాగానే వేరే రంగులో ఉన్నట్టే ఈ వీపు కూడా. మబ్బులో ముదురు, ఎండలో లేత. పక్షి కాస్త పక్కకి తిరిగితే ఇంకో రంగు. కెమెరాలో ఎక్స్‌పోజర్ కొంచెం మార్చితే స్టెప్పీ హ్యూగ్లిన్ అయిపోతుంది. పైగా రెండింటిలో మధ్యస్థంగా ఉండే పక్షులూ ఉన్నాయి. అందుకే దగ్గర్లో బ్రౌన్‌హెడెడ్ ఏదైనా అదే ఫ్రేములో ఉంటే తప్ప వీపు రంగు మీద నేను ఏమీ రాయను. పక్కన తెలిసిన బూడిద రంగు ఒకటి ఉంటే పోల్చడానికి ఆధారం దొరుకుతుంది.

ఈకల మార్పు ఇంకొంచెం నమ్మదగిన దారి. గల్స్ ఏటా రెక్కల ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి, లోపలి వైపు నుంచి కొస వైపుగా. హ్యూగ్లిన్‌కి ఇది ఆలస్యంగా సాగుతుంది. డిసెంబర్, జనవరిలో కూడా రెక్క కొసన ఈకలు ఇంకా ఎదుగుతూ పొట్టిగా ఉండొచ్చు. స్టెప్పీ సాధారణంగా కాస్త ముందే ముగిస్తుంది. ఇది కూడా వయసు తేలాకే పనికొస్తుంది. పిల్లలకీ పెద్దలకీ ఈకలు మారే కాలం ఒకటి కాదు కదా.

రాసుకునే దగ్గర నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రెండు పేర్లూ కలిపి రాసే ఆప్షన్ ఉంది, జాతి తేలని గల్ అని రాసే వీలూ ఉంది. మొదట్లో అలా రాయాలంటే టెన్షన్‌గా ఉండేది, పని సగంలో వదిలేసినట్టు అనిపించేది. ఇప్పుడు అలా లేదు. ఎదురెండలో దూరంగా కూర్చున్న పిల్లల గుంపుకి పేరు పెట్టడం కన్నా, రెండింటిలో ఏదో ఒకటి అని రాయడమే ఆ లెక్కను రేపు వాడుకునేవాళ్లకి మేలు చేస్తుంది. బ్లాక్‌హెడెడ్ మన తీరంలో పెరుగుతోందో తగ్గుతోందో ఎవరైనా పదేళ్ల తర్వాత చూడాలనుకుంటే, నా నల్లకళ్ల పిల్లలన్నీ ఆ గడిలో పడి ఉండకూడదు. పక్కన వయసు కూడా రాస్తాను: ఎదిగినవి ఎన్ని, మొదటి చలికాలపువి ఎన్ని అని. కామెంట్స్‌లో ఏ గుర్తు చూసి చెప్పానో ఒక వాక్యం రాస్తాను.

నా ఫొటోల్లో ఒక ముదురు వీపు పక్షి ఇంకా తేలకుండానే ఉంది. ఎదిగినదే. మెడ వెనక సన్నటి చారలు, కాళ్లు పసుపు. జనవరిలో, బోటు వెనక ఎగురుతుండగా తీసినది. కానీ అన్ని ఫొటోల్లోనూ రెక్క కొస పక్కకి తిరిగి ఉంది, చివరి ఈక పూర్తిగా ఎదిగిందో లేదో కనబడదు. దాన్ని లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ అని మాత్రమే రాసి, రూపం పేరు ఖాళీగా ఉంచాను. విశాఖ, భీమిలి, గంగవరం వైపు డిసెంబర్, జనవరి నెలల్లో ఇలాంటి పెద్ద గల్ ఫొటో తీసినవాళ్లు మీలో ఉంటే, రెక్క పూర్తిగా విప్పి ఉన్నది వెతకండి. తేదీతో పాటు నాకు చూపించండి, మనం కూర్చుని ఈక ఈకా పోల్చుదాం.